హాజీపూర్ దాకా చల్లగా

అది 2016 మే నెల. మంచిర్యాల అప్పటికింకా జిల్లా కాలేదు, మేమంతా ఆదిలాబాద్ జిల్లా వాళ్లమే. లక్సెట్టిపేట పోయే రోడ్డు మీద రేకుల షెడ్డులో నా దుకాణం. కార్ల ఏసీలు బాగుచేయడం నా పని. ఊరందరికీ చల్లగాలి తెప్పించేవాణ్ని, నేను మాత్రం తడి తువ్వాల మెడకు చుట్టుకుని ఆ రేకుల కింద ఉడికిపోయేవాణ్ని.

మాది నేతపని చేసే ఇల్లు. బాపు మరమగ్గాల మీద కూలికి పనిచేసేవాడు. ఆ చప్పుడు నాకు పడక, కరీంనగర్‌లో యాకూబ్ ఉస్తాద్ దగ్గర పనికి కుదురుకున్నాను. ఉస్తాద్‌కు చదువు తక్కువ, చెవులు ఎక్కువ. కారు ఇంకా గేటు దగ్గర ఉండగానే కంప్రెసర్ పోయిందో, బెల్టు జారుతోందో చెప్పేవాడు. నేను మీటర్ల వైపు ఉరికితే నెత్తి మీద ఒక్కటి మొట్టి, "అరె సదా, ముందు చెయ్యి పెట్టి చూడురా. బండి సంగతి మీటర్‌కు ఏం ఎర్క?" అనేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ మొట్టికాయ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు తగులుతూనే ఉంటుంది.

ఈ పని తెలియని వాళ్లకోసం ఒక ముక్క చెప్పాలి. ఏసీ చలిని పుట్టించదు, లోపలి వేడిని మోసుకుపోయి బయట పారేస్తుంది. మోసేది గ్యాస్. దాన్ని తోసేది కంప్రెసర్. డాష్‌బోర్డు వెనక ఒక పెట్టెలో కూలింగ్ కాయిల్ ఉంటుంది, సన్నని అల్యూమినియం రేకుల మడత అది. గ్యాస్ దాన్ని చల్లబరిస్తే, బ్లోయర్ అనే ఫ్యాను దాని మీదుగా గాలిని మన ముఖానికి కొడుతుంది. ఇందులో ఏది చెడినా చల్లదనం పోతుంది. కానీ వచ్చిన ప్రతివాడూ చెప్పేది ఒక్కటే, "గ్యాస్ అయిపోయింది, గ్యాస్ కొట్టు." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇక్కడ చెప్పబోయే కేసులో మాత్రం ఆ తప్పు చేసింది నేనే.

ఒక సోమవారం పొద్దున పదహారేళ్ల చిన్న తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. అద్దాలన్నీ దించి ఉన్నాయి. నడుపుతున్న పెద్దమనిషి దిగి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మాట రావడానికి ముందు ఊపిరి రావాలి ఆయనకు. పేరు ఓదెలు. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయిలో దిగి పనిచేసి, రిటైరయ్యాక లక్సెట్టిపేటలో ఇల్లు కట్టుకున్నాడు. బాయి విడిచినా బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తులను విడవలేదు. పక్కసీట్లోంచి ఆయన భార్య రాజవ్వ దిగింది. తడిసిన చెప్పులు విదిలించుకుంటూ వచ్చి నా బెంచీ మీద కూర్చుంది.

"గీ ఏసీ హాజీపూర్ దాకనే మంచిగొస్తది బిడ్డా," అన్నాడు ఓదెలు. "ఆన్నుంచి గాలి సన్నగైతది, వేడైతది. అద్దాలు దించుతె దుమ్ము. దుమ్ముకు నాకు దమ్ము రాదు. డాక్టర్ అద్దాలు దించద్దన్నడు."

లక్సెట్టిపేట నుంచి మంచిర్యాలకు హాజీపూర్ ఇంచుమించు సగం దారి. అంటే ఇరవై నిమిషాల చల్లదనం.

"శుక్రారం బాసర పోవాలె," అన్నాడాయన మళ్లీ. "నా బిడ్డ బిడ్డకు అక్షరాభ్యాసం. పలక మీద నేనే చెయ్యిపట్టి రాయిస్త అని మాటిచ్చిన."

"ఆయనకు సంతకం రాదు, వేలిముద్రనే," అని రాజవ్వ నవ్వింది. "మనుమరాలితోటి రాయిస్తడట."

"నాకు రాకుంటేంది? దానికైతే రావాలె కదనే."

బాసర అంటే పోను నాలుగు గంటల దారి, మే నెల ఎండ. వాళ్ల బిడ్డా అల్లుడూ బస్సులో రమ్మన్నారట. కానీ ఆ బస్సులో దుమ్మూ, ఆ జనంలో తోపులాటా ఆయన వల్ల కాదు. ఏసీ బాగుంటే ఆయన పోతాడు, లేకుంటే ఇంట్లో ఉంటాడు. అంత స్పష్టంగా చెప్పాడు.

నేను గేజీ తగిలించాను. రెండు ముళ్ల మీటర్ అది, నీలంది కంప్రెసర్ లోపలికి వచ్చే గ్యాస్ ఒత్తిడిని, ఎర్రది బయటకు పోయే ఒత్తిడిని చూపిస్తుంది. ముప్పై దగ్గర ఉండాల్సిన నీలం ముల్లు పదిహేను దగ్గర వణుకుతోంది. గ్యాస్ తక్కువైతే కూడా ముల్లు అలాగే పడుతుంది.

"గ్యాసే కదా?" అన్నాడు ఓదెలు.

"గ్యాసే బాపూ," అన్నాను.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. గ్యాస్ కొట్టాను. గాలి చల్లగా వచ్చింది.

అప్పుడు రాజవ్వ, "నా కాళ్ల మీద నీళ్లు పడుతున్నయ్ బిడ్డా, గది గూడ జర చూడు," అంది.

"ఏసీ అన్నంక నీళ్లు పడ్తయ్ అవ్వా, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాను. ఏసీకి నీళ్లు పడడం నిజమే. కానీ అవి గొట్టంలోంచి రోడ్డు మీద పడాలి గానీ, మనిషి కాళ్ల మీద కాదు. అది తెలిసి కూడా అలా అన్నాను, ఎందుకంటే చెప్పింది పక్కసీట్లో కూర్చునే ఆడమనిషి. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

మంగళవారం మళ్లీ వచ్చారు. హాజీపూర్ దాకా చల్లగా, ఆ తర్వాత మళ్లీ అదే కథ. ఎక్కడో కారుతోందనుకుని ప్రతి జాయింటుకూ సబ్బునురగ రాసి చూశాను. ఒక్క బుడగ కూడా లేవలేదు. గ్యాస్ దారిలో సైట్ గ్లాస్ అని చిన్న గాజుకన్ను ఉంటుంది. గ్యాస్ తక్కువైతే అందులో బుడగలు పరుగెత్తుతాయి. ఆ రోజు అది తేటగా ఉంది. అంటే గ్యాస్ సరిపోను ఉందని ఆ గాజుకన్ను నాకు చెప్తూనే ఉంది. నేను ముల్లునే నమ్మి, ఇంకొంత గ్యాస్ కొట్టి పంపాను.

బుధవారం ఓదెలు ఒక్కడే వచ్చాడు. ఈసారి చల్లగాలి హాజీపూర్ దాకా కూడా రాలేదట. అద్దాలు దించుకుని, ఎండలో, బొగ్గులారీల వెనక మిగతా దారంతా వచ్చాడు. బెంచీ మీద కూలబడి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి ఊపిరి కోసం వెతుక్కున్నాడు. నీళ్లిస్తే పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు. పది నిమిషాలు అలాగే. నేను పక్కన నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఇరవై ఏళ్ల పనిలో నాకు అంత భయం వేసిన రోజు లేదు.

ఊపిరి నిలబడ్డాక నా ముఖం చూశాడు. తిట్టినా బాగుండేది.

"నీతోని కాదంటె కాదని చెప్పు బిడ్డా, ఏం లేదు. నేను లేకున్నా పొల్లకు అక్షరాలు వస్తయ్."

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గేజీ తీసి గోడకు తగిలించాను. "బాపూ, జర దమ్ము తీసుకోండ్రి. ఇంకో అర్ధగంటయినంక మీరే నడపండ్రి, నేను పక్కకు కూసుంట," అన్నాను.

అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, లక్సెట్టిపేట వైపు బయల్దేరాం. నేను రాజవ్వ కూర్చునే సీట్లో కూర్చుని గాలి వచ్చే జాలి మీద చెయ్యి పెట్టాను. మొదట మంచి గాలి. పది నిమిషాలు దాటాక బ్లోయర్ మోత అంతే ఉంది, చేతికి తగిలే గాలి మాత్రం తగ్గుతూ వచ్చింది. చల్లదనం ఉంది, గాలి లేదు. ఇంకాసేపటికి నా పాదాల మీద చల్లటి చుక్క పడింది, దాని వెనకే ఇంకొకటి. ఆమె సీట్లో కూర్చున్నాక గానీ ఆమె చెప్పింది నాకు వినపడలేదు.

బండి ఆపించి బానెట్ ఎత్తాను. లోపలి నుంచి వచ్చే పైపు మీద తెల్లగా మంచు పట్టి ఉంది. రోగం అప్పుడు దొరికింది. కూలింగ్ కాయిల్ మీదుగా గాలి పోవడం లేదు. గాలి పోకపోతే కాయిల్ మీది తడి గడ్డకడుతుంది, ఆ గడ్డ ఉన్న కాస్త దారినీ మూసేస్తుంది. బండి ఆపితే మంచు కరిగి కాళ్ల మీద పడుతుంది, మళ్లీ ఇరవై నిమిషాలు చల్లగా వస్తుంది. గ్యాస్‌కూ దీనికీ సంబంధమే లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. పైగా ఎక్కువ గ్యాస్ కొట్టి బండిని ఇంకా ఇబ్బంది పెట్టాను. ఉస్తాద్ ఉంటే మొట్టికాయతో వదిలేవాడు కాదు.

దుకాణానికి తిరిగొచ్చి, ఉన్న గ్యాసంతా లెక్కప్రకారం దించి, డాష్‌బోర్డు కింది భాగం విప్పాను. పాత బండ్లలో ఇది మూడు నాలుగు గంటల పని. ఓదెలు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. పెట్టె తెరిచి కాయిల్‌ను పళ్లెంలో పెట్టాను.

కాయిల్ రేకులు కనిపించలేదు. దాని మీద వేలెడు మందాన దుప్పటిలాంటిది పరుచుకుని ఉంది. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. చిన్న చిన్న ఆకులు, గోరులో సగం కూడా లేవు. నాని, నల్లబడి, పసుపుతో ముద్దయి, ఒకదానికొకటి అంటుకున్నాయి. ఈ రోజుల్లో బండ్లలో గాలిని వడకట్టడానికి ఫిల్టర్ ఉంటుంది. దీనికి అది లేదు. అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే సందుల్లోంచి బయటి గాలి నేరుగా లోపలికి వస్తుంది. ఆ దారిని మూసే మూత తీగ తెగి, ఎప్పట్నుంచో అది సగం తెరుచుకునే ఉంది. దుమ్ము కూడా అక్కణ్నుంచే వచ్చేది.

"చెట్టు కింద పెడ్తరా బాపూ బండిని?" అన్నాను.

ఆయన స్టూలు ముందుకు జరుపుకున్నాడు. పళ్లెంలోకి చూస్తున్నాడు. అప్పుడు నేనూ చూశాను. ఆకుల మధ్య పసుపు బియ్యపు గింజలు. చెట్టు నుంచి ఆకులు రాలొచ్చు, అక్షింతలు రాలవు.

"జమ్మాకు," అన్నాడు ఓదెలు మెల్లగా. "మా ముసల్ది పెట్టిన బంగారం."

మా దగ్గర దసరాకు జమ్మిచెట్టుకు మొక్కి, ఆకు తెచ్చి, బంగారమని ఒకరి చేతిలో ఒకరం పెట్టుకుని కావలించుకుంటాం. బండ్లకు పసుపు కుంకుమ పెట్టి ఆ ఆకు ఉంచడమూ ఉన్నదే. కానీ రాజవ్వ పద్ధతి వేరు. అది ఓదెలే చెప్పాడు.

"నేను బాయిల ఉన్నప్పుడు దసరా దసరాకు నా టోపీ లోపట జమ్మాకు పెట్టేది. ముప్పై ఒక్క దసరాలు. ఒకపారి మీది కప్పు కూలింది, నా పక్కోళ్లు ఇద్దరు పోయిండ్రు. నేను బయటికొచ్చిన. నా టోపీల ఆకు అట్లనే ఉన్నది. ఆమె ఆకే కాపాడిందని ఆమె నమ్ముతది. నేను గూడ కాదనలే. రిటైర్ అయినంక టోపీ లేదు కద, బండికి పెట్టుడు షురూ చేసింది. మీద పెడ్తె గాలికి కొట్టుకపోతదని, ఆకు దూసి గా సందులల్ల కుక్కుతది."

రిటైరయి ఏడేళ్లు. ఏడు దసరాల ఆకు.

"గీ ముచ్చట ఆమెకు చెప్పకు," అన్నాడు. "నా చేతులతోనే ఆయన దమ్ము ఆపిన్నా అని ఏడుస్తది. సచ్చేదాక మర్వది."

"చెప్పకపోతె మళ్ల దసరాకు మళ్ల గిదే లొల్లి గద బాపూ?"

"నీ పని నువ్వు చేస్తున్నవ్. ఆమె పని ఆమెను చేస్కోనీ. నడుమల ఏమన్న తొవ్వ దొర్కదా?"

నాకు మొండితనం ఎక్కువ. కస్టమర్‌కు నిజం చెప్పాలనేది నా పట్టింపు. కానీ పళ్లెంలోని ఆ ఆకులను చూశాక సరే అన్నాను. కాయిల్ కడిగి ఆరబెట్టి, నీళ్లుపోయే గొట్టంలో ఇరుక్కున్న పసుపుముద్ద తీసి, మూత తీగ మార్చి, బజారుకు పోయాను. గిన్నెల దుకాణంలో స్టీలు జల్లెడ ఒకటి కొన్నాను. దాని జాలి విప్పి, కొలతకు కత్తిరించి, అంచులు మడిచి, వైపర్ల కింది సందులకు లోపలివైపు స్క్రూలతో బిగించాను. గాలి పోతుంది, ఆకు ఆగుతుంది. ఓదెలు వేలితో తట్టి చూసి, "ఇగ ఆమె ఎంతన్న పెట్టుకోనీ," అన్నాడు.

కొలిచి గ్యాస్ నింపి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడిపాను. హాజీపూర్ వచ్చింది, పోయింది. గాలి తగ్గలేదు. లక్సెట్టిపేటలో వాళ్ల ఇంటి ముందు ఆపాక రాజవ్వ వచ్చి అడిగింది, "ఏమైంది బిడ్డా దానికి?"

"గ్యాసే అవ్వా. ఇప్పుడు మంచిగైంది," అన్నాను. ఓదెలు ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

శుక్రవారం బాసర పోయారు. ఆదివారం ప్రసాదం పట్టుకుని ఇద్దరూ నా దుకాణానికొచ్చారు. పలక మీద మనుమరాలి చెయ్యి పట్టుకుని రాయించబోతే, అయ్యగారు ఆయన చెయ్యి కూడా పట్టి దిద్దించాడట. "అరవై దాటినంక నాగ్గూడ అ వచ్చింది సదానందం," అని, దుమ్ము పట్టిన నా బెంచీ మీద వేలితో పెద్ద అక్షరం రాసి చూపించాడు. తోక వంకరగా ఉంది. ఆ రోజు నేనా బెంచీ తుడవలేదు.

అప్పట్నుంచి అదొక ఆనవాయితీ అయింది. దసరా వెళ్లిన వారంలో ఓదెలు వచ్చేవాడు. "గ్యాస్ చూపించుకొస్త అని చెప్పొచ్చిన," అని కన్ను గీటేవాడు. నేను జాలి విప్పి, ఆకులు తీసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాణ్ని. పారేసే వస్తువు కాదది. పోతూ పోతూ గోదావరిలో వదిలేవాడు. టీ తాగి, బాయి కబుర్లు నాలుగు చెప్పి పోయేవాడు. ఐదు దసరాలు అలా గడిచాయి.

2021 దసరా వెళ్లాక ఆ తెల్ల కారు వచ్చింది గానీ, దిగింది రాజవ్వ. అల్లుడు బండి నడుపుకొచ్చి, ఆమెను దించి మందుల దుకాణానికి పోయాడు. ఓదెలు మంచం దిగడం లేదట. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు.

"గ్యాస్ చూడాల్నా అవ్వా?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గ్యాస్ గీస్ ఏం లేదు బిడ్డా. జాలి సాఫ్ చెయ్యి."

చేతిలోని స్క్రూడ్రైవర్ బెంచీ మీద పెట్టేశాను.

"మీకెట్ల ఎర్కైంది?"

"ఆకు కుక్కుతుంటె సందులకెల్లి తెల్లగ మెరిసింది, మొదటి దసరాకే. నలభై ఏండ్లు పిండి జల్లించిన, జల్లెడ నాకు ఎర్కలేదా? ఆయనేమో దసరా ఎల్లంగనే గ్యాస్ గ్యాస్ అని ఉరుకుతడు. నా కాళ్ల మీద నీళ్లు బంద్ అయినయ్. సమజ్ కానీకి ఎంతసేపు?"

"మరి తెల్సినంక గూడ ఎందుకు పెట్టిండ్రు అవ్వా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పెట్టకుంటె నాకు తెల్సిందని ఆయనకు ఎర్కైతది. నేను ఏడుస్తనని గద దాచిండు. దాచనీ. నువ్వు గూడ చెప్పకు, నాకు తెల్సని."

అంతలో నా ఫోను మోగింది. చేతులకు గ్రీజు ఉందని, మోచేత్తో నొక్కి స్పీకర్ పెట్టాను. ఓదెలు గొంతు. మాటకూ మాటకూ నడుమ మిషన్ చప్పుడు.

"సదానందం... మా ముసల్ది వచ్చిందా?"

"వచ్చింది బాపూ."

"ఏం చెప్పినవ్?"

రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"గ్యాసే అని చెప్పిన బాపూ."

"శాబాష్," అన్నాడు.

ఆ తర్వాత ఓదెలు ఇంకొక్క దసరానే చూశాడు. కారును అల్లుడు అమ్మేసేముందు జాలి విప్పి తెచ్చుకున్నాను. దుకాణంలో గేజీ పక్కనే మేకుకు వేలాడుతోంది. ఇప్పుడు కంప్యూటర్ తగిలిస్తే బండి తన రోగం తానే చెప్పుకుంటుంది, పని తేలికైంది. అయినా పాత బండి ఏదైనా వస్తే నేను ముందు పక్కసీట్లో వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేది పూర్తిగా వింటాను. ఆ కేసులో నేను మూడు రోజులు తిప్పలుపడి రోగం కనిపెట్టి, దాన్ని ఐదేళ్లు దాచానని గొప్పగా అనుకున్నాను. ఒక్క చూపులో అంతా కనిపెట్టి, నాకంటే బాగా దాచినామె తడిసిన చెప్పులతో మొదటి రోజే నా బెంచీ మీద కూర్చుంది.